ఎర్రన్న పడ్డడా మామా?

రుద్రూర్‌కు ఇవతల, చెరుకు తోటల నడుమ ఉన్న ఊళ్లో లింబయ్య అబద్ధం ఆడని రోజు లేదు. అబద్ధమంటే ఒకరి కొంప ముంచేది కాదు. తన తాత ఎర్రన్న వేసిన చెరుకు గడ ఎంత పొడుగు పెరిగిందంటే, కొన పోయి బోధన్ ఫ్యాక్టరీ మరలో రసమైపోతుంటే మొదలు ఇంకా చేన్లోనే ఊగుతుండేదట. ఆ రసం పొంగి మంజీర నీళ్లలో కలిస్తే చేపలకు షుగర్ రోగం పట్టిందట. అవి ఒడ్డుకొచ్చి డాక్టరు కోసం మూతులు తెరుచుకుని కూర్చునేవట. ఎవరైనా నవ్వితే, "నవ్వకు! నాకీ సంగతి చెప్పిన చేప ఇంకా బతికే ఉన్నది. తోలుకరమ్మంటవా?" అనేవాడు.

కథ చెప్పేవాడికి నోరు ఒక్కటే ఉంటే చాలదు. ఎదురుగా ఊ కొట్టే మనిషి ఉండాలి. లింబయ్య ఇంట్లో కరువల్లా దానికే. భార్య పెంటవ్వ పెళ్లైన కొత్తలో ఊ కొట్టింది, ఆ తర్వాత మానేసింది. "అప్పట్ల నేను కొట్టిన ఊలన్ని నాకు వాపస్ ఇయ్యి, వాటితోని ఓ అర్ర కట్టుకుంట" అనేది. కొడుకు నర్సింలు ఎడ్లతో తిరిగి తిరిగి ఎడ్ల కంటే తక్కువ మాట్లాడేవాడు. కథ మొదలుపెడితే లేచి గడ్డి వేయడానికి పోయేవాడు.

అలాంటి ఇంటికి కోడలై వచ్చింది గంగమణి. పుట్టిల్లు ఏర్గట్ల. పసుపు పండే నేల. చిన్నప్పటి నుంచీ పసుపు కొమ్ములు విరిచిన చేతులు కనక, ఎన్నిసార్లు తోమినా అరచేతుల పసుపు పోయేది కాదు. లింబయ్య చూసి, "మా ఇంట్ల పసుపు కొనే పని లేదిగ. కోడలు చెయ్యి పెడితె చాలు, కూర పచ్చగైతది" అన్నాడు. తలుపు వెనకాల నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

తలుపు వెనకాల నుంచే. ఎందుకంటే ఆ పిల్ల పద్ధతి తెలిసిన పిల్ల. మామ ఎదురుగా మంచం మీద కూర్చోదు. నీళ్ల చెంబు మామ చేతికివ్వదు, అరుగు మీద పెట్టి పక్కకు జరుగుతుంది, మామ తీసుకుంటాడు. మామను కోడలు ముట్టుకోవడం ఆ ఇళ్లలో ఎక్కడా లేదు. కానీ మాటకు అడ్డం లేదు కదా. తలుపు వెనకాల బీడీలు చుట్టుకుంటూ మామ చెప్పే ప్రతి ముచ్చటకూ ఊ కొట్టేది. ఎన్ని రకాల ఊలు! నమ్మకపోతే ఒక పొట్టి ఊ. నవ్వు ఆపుకుంటే ముక్కులో నుంచి ఒకటి. మామ మధ్యలో ఆగి చుట్ట వెలిగిస్తే, తొందరపెడుతూ సాగదీసిన ఊ. లింబయ్య ఈ ఊల కోసమే కొత్త అబద్ధాలు కట్టసాగాడు. పొలంలో నీళ్లు మలుపుతూ కూడా, ఈ పూట కోడలికి ఏం చెప్పాలా అని ఆలోచించేవాడు.

అప్పటికి మోటారు బండ్ల కొత్త చట్టం వచ్చి నాలుగైదేళ్లవుతోంది. లింబయ్య పాత మోటార్ సైకిల్ ఒకటి కొన్నాడు. పొద్దున్నే ఊరి పాలన్నీ క్యాన్లలో పోసుకుని పాల కేంద్రానికి తీసుకుపోవడానికి. క్యాన్లు తగిలించాలంటే బండి వెనక ఇనుప చట్రం పెట్టాలి. చట్రానికి అడ్డం వస్తున్నాయని, వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కడ్డీనీ, చీర చక్రంలో పడకుండా ఉండే జాలినీ విప్పి కొట్టం అటుక మీద పారేశాడు.

లైసెన్సు కోసం నిజామాబాద్ పోవాల్సి వచ్చింది. తన బండిని చూస్తే పాస్ చేయరని పక్కింటి హన్మాండ్లు బండి అడిగి తీసుకుపోయాడు. హన్మాండ్లు కూడా వెంట వచ్చాడు. మైదానంలో ముగ్గుతో ఎనిమిది అంకె గీసి ఉంది. దాని మీద కాలు కింద పెట్టకుండా బండి తిప్పాలి. లింబయ్య తిప్పాడు, బాగానే తిప్పాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరకు పిలిచి అడిగాడు.

"వెనక కూర్చునే మనిషికి ఏముండాలె?"

"ధైర్యం ఉండాలె సారూ."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వి, వంగి, హన్మాండ్లు బండి కడ్డీని పట్టుకుని ఊపి చూశాడు. "ధైర్యం కాదు పెద్దమనిషీ. పట్టుకునేటందుకు ఇగో ఈ కడ్డీ ఉండాలె. కాళ్లు పెట్టేటందుకు ఇది. చక్రం మీద ఈ జాలి. ఎనకమాల మనిషి పానం నీ చేతుల ఉంటది, అందుకే చట్టం పెట్టిండ్రు. ఇవి విప్పి అవతల పారేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు. నువ్వు గట్ల చెయ్యవు గద?"

"అయ్యో, మీరు చేతుల పట్టుకున్నది నా బండిదే గద సారూ!" అన్నాడు లింబయ్య, కన్ను కూడా ఆర్పకుండా.

హన్మాండ్లు పక్కకు తిరిగి దగ్గాడు.

ఇంటికొచ్చి లింబయ్య ఈ ముచ్చటను వారం పాటు వాడుకున్నాడు. తాను వేసిన ఎనిమిది ఎంత గుండ్రంగా వచ్చిందంటే, ఇన్‌స్పెక్టర్ దాన్ని ఎత్తుకుపోయి తన పిల్లలకు దిద్దించడానికి గోడకు తగిలించుకున్నాడట. తలుపు వెనకాల నుంచి పొట్టి ఊ వినిపించింది. కడ్డీ మాత్రం అటుక మీదే ఉంది.

ఆ ఏడు చెరుకు బాగా వచ్చింది. ఫ్యాక్టరీ ముందు బండ్ల వరస రోడ్డు మీదికి పాకింది. నర్సింలు చెరుకు బండి కట్టుకుపోయి వరసలో నిలబడ్డాడు. బండి దిగితే వరస పోతుంది, ఎడ్లను వదిలి రాలేడు. తీసుకుపోయిన సద్ది అయిపోయి ఉంటుందని పెంటవ్వకు ఒకటే గుబులు. జొన్నరొట్టెలు కొట్టి, పప్పు వండి, టిఫిన్ డబ్బాలో సర్దింది.

"నేను గూడ పోత అత్తా" అంది గంగమణి. పసుపుపచ్చ చీర అప్పటికే కట్టుకుని ఉంది. జడలో చామంతి పువ్వు.

"సద్ది ఇయ్యనీకా, మొగని మొకం సూడనీకా?" అన్నాడు లింబయ్య.

గంగమణి తలుపు చాటుకు పోయింది. పెంటవ్వ మొగుణ్ని కసిరింది. "నీ నోరు పాడుగాను. నిమ్మలంగ తోలు. ముచ్చట్లు తక్కువ పెట్టు."

పాల చట్రం పొద్దున్నే విప్పేశాడు కనక బండి వెనక భాగం బోడిగా ఉంది. గంగమణి ఒక పక్కకు తిరిగి కూర్చుంది. తనకూ మామకూ నడుమ టిఫిన్ డబ్బా గోడలాగా పెట్టుకుంది. ఒక చెయ్యి డబ్బా మీద, ఇంకో చెయ్యి తల మీది కొంగు మీద. సీటు కింద అటూ ఇటూ తడిమి చూసింది.

"మామా, పట్టుకునేటందుకు ఏం లేదా?"

"ఉండె. క్యాన్లకు అడ్డమొస్తున్నదని ఇప్పిన."

"మరెట్ల?"

"నా కథ పట్టుకో బిడ్డా! నువ్వు ఊ కొడుతుండు. ఊ ఇనవడుతున్నదంటె నువ్వున్నట్టే."

గంగమణి నవ్వింది. బండి కదిలింది.

ఆ రోజు లింబయ్య దగ్గర కొత్త కథ ఉంది. కోడలి కోసమే రెండు రోజులుగా దాచి పెట్టుకున్నాడు. ఎర్రన్న తాత ఆ పొడుగు చెరుకు కొన ఎందాక పోయిందో చూద్దామని గడ మీదికి ఎక్కాడు. కణుపు కణుపుకూ కాలు పెట్టుకుంటూ పోతున్నాడు. ఊ. కింద ఇళ్లు అగ్గిపెట్టెలైనాయి. ఊ. మబ్బుల్లో మనుషులు కనబడ్డారు, వాళ్లు కూడా చెరుకు నరుకుతున్నారు, అక్కడా బండ్లు వరసలోనే నిలబడి ఉన్నాయి. ముక్కులో నుంచి నవ్వు. ఇంతలో కింద కోత కూలీలు వచ్చారు. పైన మనిషి ఉన్నాడని వాళ్లకేం తెలుసు? గడ మొదలు మీద కత్తి వేశారు.

"అవ్వో!" అంది గంగమణి. "ఎర్రన్న పడ్డడా మామా?"

"ఆగు బిడ్డా, అప్పుడే ఏడికి? చెప్త."

తొందరగా చెప్పేస్తే కథకు రుచి ఏముంటుంది? లింబయ్య సాగదీశాడు. గడ ఇటు ఊగిన తీరు, అటు ఊగిన తీరు. ఎర్రన్న నడుముకున్న తువ్వాల గాలికి జెండా అయిన సంగతి. ఇంతలో ఫ్యాక్టరీ రోడ్డు వచ్చింది. చెరుకు బండ్ల నుంచి జారిన గడలు రోడ్డంతా పడి ఉన్నాయి. బండ్ల వరసను తప్పించుకుని ముందుకు పోతుంటే చక్రం కింద గడలు పడ్డాయి. ముందు చక్రం, వెంటనే వెనక చక్రం. బండి ఎగిరి, జారి, అటూ ఇటూ తూలింది. లింబయ్య హ్యాండిల్‌ను బిగబట్టి, కాలు కింద పెట్టకుండా నిలబెట్టుకున్నాడు. అచ్చం ఆ ఎనిమిది అంకె మీద తిప్పినట్టే.

"సూసినవా బిడ్డా! ఇంకోడైతె మోరీల పడుతుండె" అన్నాడు.

బండి కొంచెం తేలిగ్గా పోతున్నట్టు అనిపించింది. తన తోలుడు గొప్పే అనుకున్నాడు.

కథ మళ్లీ అందుకున్నాడు. ఎర్రన్న కిందికి చూశాడట, కింద పెళ్లాం రొట్టె గంప పెట్టుకుని నిలబడి ఉందట. "ఎట్ల అరిచిందో ఎరికేనా?" అన్నాడు. ఊ కోసం ఆగాడు. మంచి ఊ రావాల్సిన చోటు అది. మోటారు మోత తప్ప ఏమీ వినిపించలేదు. పడ్డాడో లేదో చెప్పలేదని పిల్ల అలిగింది అనుకున్నాడు. ముసిముసిగా నవ్వుకున్నాడు.

"అలిగినవా? సరే తియ్, చెప్త. ఎర్రన్న…"

మళ్లీ ఆగాడు.

"ఉన్నవా బిడ్డా?"

మెడ తిప్పాడు. వెనక సీటు. దాని వెనక రోడ్డు. ఆ రోడ్డు మీద చాలా వెనక, బండ్లు దిగి మనుషులు ఒకచోటికి పరుగెత్తుతున్నారు.

లింబయ్య బండి తిప్పాడా, అక్కడే పడేసి పరుగెత్తాడా, ఆ తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయాడు.

గంగమణి ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది, నిద్రలో ఉన్నట్టు. చెవి వెనక కొంచెం నెత్తురు. రెండు చేతులతో టిఫిన్ డబ్బాను గుండెకు అదుముకుని ఉంది. డబ్బా మూత కూడా ఊడలేదు. పడేటప్పుడు ఆ రెండు చేతుల్లో ఒకటైనా మామ అంగీని పట్టుకుని ఉంటే! పట్టుకోలేదు. మొగుడి సద్దిని పట్టుకుంది.

లింబయ్య వంగాడు. చెయ్యి చాచాడు. ఆ చెయ్యి గాలిలో ఆగిపోయింది. అప్పటిదాకా ఆ పిల్లను ఎన్నడూ ముట్టుకున్నవాడు కాదు.

"ఏం సూస్తున్నవ్ పెద్దమనిషీ? ఎత్తు!" అని బండి మీది ముసలామె ఒకతె అరిచింది.

ఎత్తాడు. ఏమంత బరువు లేదు.

అటుగా పోయే జీపు ఆపి ఎక్కించారు. కోడలి తల లింబయ్య ఒళ్లో ఉంది. జీపులో వాళ్లు ఏదో అంటున్నారు, ఆయనకు వినబడలేదు. చెవి ఆమె నోటి దగ్గర పెట్టి ఒకటే మాట అన్నాడు, బోధన్ వచ్చేదాకా.

"ఊ అను బిడ్డా. ఒక్క ఊ అను."

దవాఖానలో డాక్టరు ముట్టుకుని చూసి, కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చెప్పాల్సింది అంతే.

ఎవరో పోయి వరసలో ఉన్న నర్సింలుకు చెప్పారు. ఎడ్లను పక్క బండి ఆయనకు అప్పగించి, చేతిలో ములుగర్రతో అలాగే పరుగెత్తుకొచ్చాడు. గంగమణిని చూశాడు. ఆమె పక్కన బల్ల మీద ఎవరో పెట్టిన టిఫిన్ డబ్బాను చూశాడు. ఏడవలేదు. తండ్రి వైపు తిరిగి ఒకటే అడిగాడు.

"ఎంత దూరం పోయినంక సూసినవ్ బాపూ?"

ఊళ్లో ఏ ప్రశ్నకైనా మూడు జవాబులు ఉండే లింబయ్యకు ఒక్కటే దొరికింది.

"నేను… కథ చెప్తున్న బిడ్డా."

నర్సింలు తల దించుకున్నాడు. ఆ తర్వాత తండ్రితో మాట్లాడలేదు.

పోలీసులొచ్చి అడిగారు. కడ్డీ ఉందా? లేదు. జాలి ఉందా? లేదు. ఉండాలని తెలుసా? తెలుసు. ఎవరు చెప్పారు? నిజామాబాద్‌ల సారు చెప్పిండు. మరి లైసెన్సు ఎట్లా ఇచ్చారు? అబద్ధం చెప్పిన. ఆయన జన్మలో అన్ని నిజాలు ఒక్కచోట చెప్పడం అదే మొదలు. హన్మాండ్లు గోడకు ఆనుకుని విన్నాడు. ఈసారి దగ్గలేదు.

దహనం అయింది. ఊరి ఆడవాళ్లు ఏడ్చిపోయారు. లింబయ్య అరుగు మీద కూర్చుంటే నీళ్ల చెంబు వచ్చేది కాదు. పెంటవ్వ ఒకసారి తెచ్చి చేతికిచ్చింది. ఆయన తీసుకోలేదు. చెంబును ఆమె చేతిలో నుంచి అరుగు మీద పెట్టించి, అప్పుడు తీసుకుని తాగాడు. పెంటవ్వ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

మరునాడు పొద్దున్నే లింబయ్య కొట్టం అటుక ఎక్కాడు. కడ్డీ తీశాడు. జాలి తీశాడు. తుప్పును ఇటుక ముక్కతో రుద్ది రుద్ది, హన్మాండ్లు దగ్గర పానాలు అడిగి తెచ్చి బిగించాడు. బిగించి లాగి చూశాడు. మళ్లీ బిగించాడు. హన్మాండ్లు పక్కన నిలబడి, "ఇగ ఎక్కడికీ పోదు లింబన్నా, ఇడువు" అన్నాడు. లింబయ్య విడవలేదు. బిగిస్తూనే ఉన్నాడు, అరచెయ్యి కోసుకుపోయేదాకా.

కాష్ఠంలో ఏరిన బొక్కలను గంగలో కలపడానికి కందకుర్తి పోవాలి, గోదారీ మంజీరా కలిసే చోటికి. చుట్టాలు జీపు మాట్లాడుకుని ముందు పోయారు. నర్సింలు ఎక్కలేదు. బట్ట కట్టిన చిన్న కుండను రెండు చేతులతో పట్టుకుని, లింబయ్య మోటార్ సైకిల్ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

లింబయ్యకు అర్థమైంది. "వద్దు బిడ్డా. బస్సుల పోదాం. నేనిగ ఈ బండి ముట్ట."

"ఆమె ఎట్ల పోయిందో గట్లనే పోత" అన్నాడు నర్సింలు. దవాఖాన తర్వాత తండ్రితో అన్న మొదటి మాట. అతనికి ఎడ్లు తెలుసు గానీ మోటారు తెలియదు. తోలాల్సింది లింబయ్యే.

పెంటవ్వ గడపలో నిలబడి చూస్తోంది.

లింబయ్య బండి తీశాడు. నర్సింలు వెనక ఎక్కి, అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చున్నాడు. కుండ ఒళ్లో ఉంది.

"కడ్డీ పట్టుకో బిడ్డా."

"చేతుల కుండ ఉన్నది."

లింబయ్య బండి దిగాడు. భుజం మీది తువ్వాల తీశాడు. కొడుకు చేతుల్లో నుంచి కుండను తీసుకున్నాడు. దాన్ని తన కడుపుకు ఆనించుకుని, తువ్వాలతో నడుముకు గట్టిగా కట్టుకున్నాడు. మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.

"ఇప్పుడు పట్టుకో. కడ్డీ కాదు, నన్ను పట్టుకో."

నర్సింలు చేతులు తండ్రి నడుము చుట్టూ వచ్చి, ముందు కుండ మీద కలుసుకున్నాయి. చిన్నప్పుడెప్పుడో ఎత్తుకున్న కొడుకు.

బండి మెల్లగా పోతోంది. సైకిళ్లు దాటిపోతున్నాయి. చెరుకు బండ్ల వరస వచ్చింది. ఆ చోటు వచ్చింది. రోడ్డు మీది గడలను ఎవరో ఏరి పక్కకు వేశారు. లింబయ్య పళ్లు బిగించుకున్నాడు. నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు, ఇక జన్మంతా.

"బాపూ."

"ఆఁ."

"ఆమెకు ఏం కథ చెప్పినవ్?"

లింబయ్య బండిని ఇంకా మెల్లగా పోనిచ్చాడు.

"చెప్పు. ఆమె ఎంత దాక ఇన్నదో గంత దాక చెప్పు. నేనింట."

కథ అంటే లేచిపోయే కొడుకు. పెట్టుకున్న ఒట్టును అక్కడే వదిలేసి లింబయ్య చెప్పాడు. ఎర్రన్న గడ ఎక్కిండు. ఊ, అన్నాడు నర్సింలు. వాడికి ఊ కొట్టడం చేతకాదు, బరువుగా, నేల మీద గడ్డిమోపు పడ్డట్టు పడుతోంది. ఇండ్లు అగ్గిపెట్టెలైనయి. ఊ. మబ్బులల్ల గూడ చెరుకు నరుకుతున్నరు. ఊ. కింద కూలోళ్లు మొదట్ల కత్తి ఏసిండ్రు.

అక్కడికి వచ్చి లింబయ్య ఆగిపోయాడు.

"గంత దాకనే ఇన్నది బిడ్డా. గప్పుడు ఒకమాట అడిగింది."

"ఏమడిగింది?"

"ఎర్రన్న పడ్డడా మామా, అన్నది."

వీపుకు కొడుకు నొసలు తగిలింది.

అసలు కథలో ఎర్రన్న పడతాడు. పడి, ఫ్యాక్టరీ ముందు పోసిన చక్కెర కుప్పలో నడుము దాకా దిగిపోతాడు, నాకుతూ బయటికొస్తాడు. కోడలు పడీ పడీ నవ్వాల్సిన చోటు అది.

"పడ్డడా బాపూ?" అన్నాడు నర్సింలు.

"పడలే బిడ్డా" అన్నాడు లింబయ్య. "చెరుకాకు పట్టుకున్నడు. గడ పడ్డది, ఆకు పడలే. ఆ ఆకు పట్టుకోని ఆడనే ఉన్నడు. ఇంకా ఆడనే ఉన్నడు."

ఊ రాలేదు.

లింబయ్య నడిరోడ్డు మీద బ్రేకు వేశాడు. వెనక వచ్చే బండ్లవాళ్లు తిట్టారు. ఒక చెయ్యి కుండ మీద పెట్టుకుని, భయం భయంగా, మెల్లగా మెడ తిప్పి చూశాడు.

నర్సింలు ముఖమంతా తడిసి ఉంది. చేతులు మాత్రం వదల్లేదు.

"ఉన్న బాపూ" అన్నాడు. "పో."